చేబదులు గింజ

పల్నాటిసీమ యనగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది కోడిపందెము. నాయకురాలు నాగమ్మయు బ్రహ్మనాయుడును కోళ్ళను బరిలోనికి దించిరనియు, ఓడిన మాచర్లవారు ఏడేండ్లు సీమ విడిచి పోవలసివచ్చెననియు, ఆ పందెమునుండి పెరిగిన పగ 12వ శతాబ్దమున కారెంపూడికడ నెందరో వీరులను బలిగొనెననియు మన వీరగాథలు చెప్పుచున్నవి. కారెంపూడిలో ఏటేట ఆ వీరుల యారాధనము నేటికిని జరుగుచున్నది. వినోదము పందెముగా మారినచో దాని పర్యవసాన మెట్టిదో ఈ సీమ బిడ్డలకు వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే వినోదములలో పందెము కానిది మరియొకటి కలదు. అది ప్రశ్న. పందెమున నొకడు గెలువవలెనన్న వేరొకడు ఓడితీరవలెను. చిక్కులెక్క విప్పుకొన్న బాలుని సంతోషమున కెవ్వరును ఓడనక్కరలేదు. ప్రక్కవానికి చెప్పినచో అది యిద్దరి సొత్తగును. మన పూర్వులు ఈ రెండవ వినోదమును గణితబోధనకు ద్వారముగ నుంచిరి. ఆ ద్వారమును మన మెట్లు మూసివేసికొంటిమో, దానిని మరల తెరచుట మన బడులకును మన యిండ్లకును ఏల యవసరమో ఈ వ్యాసమున చెప్పదలచితిమి. అందుకు మా తప్పునే మొదట చెప్పుకొనుట న్యాయము.

మేము నరసరావుపేట ప్రాంతమున ఇరువదియేండ్లకు పైగా బడిపిల్లలకు లెక్కలు చెప్పుచున్నాము. ఏటేట ఏడవ తరగతివారికి చదరంగపు లెక్క నొకటి చెప్పుట మాకు వాడుక. చదరంగమున 64 గడులు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టింపుగ పెట్టుకొనిపోయినచో మొత్తము గింజలెన్ని? పిల్లలు మొదట నవ్వుదురు. పది గడులు దాటువరకు వారి నవ్వు తగ్గదు. ఇరువదవ గడికి వచ్చునప్పటికి గింజలు అయిదు లక్షలు దాటును. అప్పుడు తరగతి నిశ్శబ్ద మగును. తుదకు వచ్చు మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. వేయి వడ్లగింజలు సుమారు 25 గ్రాములు తూగుననుకొన్నచో, ఈ రాశి 46 వేల కోట్ల టన్నులకు మించును. నేడు ప్రపంచమంతటను ఒక యేడాదిలో పండు ధాన్యము సుమారు 80 కోట్ల టన్నులు. అనగా భూమండలమున పండు వడ్లన్నియు అయిదువందల యేండ్లకు పైగా కూడబెట్టినగాని ఆ గడులు నిండవు.

ఈ సంఖ్యను మన తెలుగుకవి యొకడు ఒక్క పద్యమున బంధించెను. ఆతడు పావులూరి మల్లన. కమ్మనాటి పావులూరు ఆతని వంశమువారి యూరు. నేటి బాపట్ల జిల్లాలోనిది, మన పల్నాటికి పొరుగు. మల్లన రాజరాజనరేంద్రుని కాలమున, అనగా 11వ శతాబ్దమున, నుండెనని కొందరును, ఆ పేరుగల తాతకు మనుమడై 12వ శతాబ్దారంభమున నుండెనని కొందరును పండితులు తలంతురు. ఎట్లైనను, మహాభారతము తెలుగున అవతరించిన కాలమునకు ఇంచుమించు సమీపముననే గణితశాస్త్రమును తెలుగున నవతరించినది. మల్లనకు మూలము గణితసారసంగ్రహము. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైనపండితుడు సంస్కృతమున రచించిన గ్రంథమది. లెక్కకు మతభేదము లేదని మల్లన యెరిగినవాడు.

ఆ పద్యమున అంకెలు కనబడవు, మాటలే కనబడును. ఆకాశము శూన్యము గనుక 0. చంద్రు డొక్కడు గనుక 1. వేదములు 4, మన్మథుని బాణములు 5, కులపర్వతములు 7, దిగ్గజములు 8. ఇట్టి పదములను ఒకట్ల స్థానమునుండి యెడమకు పేర్చుకొనిపోయినచో ఇరువది స్థానముల సంఖ్య తప్పులేక నిలుచును. తాళపత్రమున అంకె చెరగిపోవచ్చును, లేఖకుడు పొరబడవచ్చును. ఛందస్సులో కూర్చిన మాట చెడినచో గణభంగమై తప్పు బయటపడును. గణితమునకు కవిత్వము కాపలా కాచినదనుట అతిశయోక్తి కాదు.

ఈ పద్యమును మేము చదువుకొన్ననాటినుండి కంఠస్థము చేసి, ప్రతియేడును తరగతిలో రాగయుక్తముగ చదివి, మాటమాటకు అంకె వ్రాసి చూపుచుంటిమి. పిల్లలు ఆశ్చర్యపడుదురు, మేము గర్వపడుదుము, గంట మ్రోగును. పదిహేనేండ్లకు పైగా ఇట్లే జరిగినది.

కొన్నియేండ్లక్రిందట ఒకనాడు వెనుకవరుసలోని బాలిక లేచి నిలిచినది. ఆమె తలిదండ్రులు మిరపతోటలలో కూలికి పోవువారు. "మాస్టారండీ, ఎనిమిది గళ్ళు కూడితే 255 వచ్చింది. తొమ్మిదో గడిలో 256 ఉంది. నాలుగు గళ్ళు కూడితే 15, అయిదో గడిలో 16. ఎప్పుడూ ఒకటే ఎందుకు తగ్గుతుందండీ?" అని యడిగినది. మేము గుణశ్రేఢి సూత్రమును నల్లబల్లపై వ్రాసి, "సూత్రమునుబట్టి అట్లే వచ్చునమ్మా, కూర్చో" అంటిమి. ఆమె కూర్చున్నది. ఆమె కండ్లలోని ప్రశ్నమాత్రము కూర్చుండలేదు. తరువాతి వారమున మిరపకాయ కోతలు మొదలైనవి. ఆమె బడికి రాలేదు.

ఆమె సంగతి మరల చెప్పుదుము. ముందు మన పూర్వులు ప్రశ్న నెట్లు వాడిరో చూతము.

మహావీరాచార్యుడు గుణకారము నేర్పునప్పుడు శిష్యుల కిచ్చిన లెక్కలు చూడుడు. 139ని 109చేత గుణింపుమనును, వచ్చునది 15151. 12345679ని 9చేత గుణింపుమనును, వచ్చునది 111111111. 11011011ని 91చేత గుణింపుమనును, వచ్చునది 1002002001. కుడినుండి చదివినను ఎడమనుండి చదివినను ఫల మొక్కటియే. ఇట్టి సంఖ్యలను ఆతడు మెడలోని హారములతో పోల్చెను. ఇవి కేవలము చమత్కారమునకై కూర్చినవని తలపరాదు. గుణకారమున ఎచ్చటనైన పొరబడినచో హారము తెగును. తన తప్పు తనకే కనబడును. గురువు బెత్తము పుచ్చుకొని వచ్చి చెప్పనక్కరలేదు. ఒప్పు తప్పుల నిర్ణయాధికారమును గురువు చేతినుండి శిష్యుని చేతికి మార్చుటయే ఆ లెక్కల రహస్యము.

ఇట్టి యాలోచన మన దేశమునకే పరిమితము కాదు. మహావీరునికి అర్ధశతాబ్దము ముందు, 804లో గతించిన ఆల్కువిన్ అను ఆంగ్లేయ పండితుడు షార్లమేన్ చక్రవర్తి యాస్థానమున నుండెను. బాలుర బుద్ధికి పదును పెట్టుటకై కూర్చిన లెక్కల సంపుట మొకటి ఆతని పేర నున్నది. తోడేలును, మేకను, క్యాబేజి మూటను చిన్నపడవలో ఏరు దాటించు చిక్కు దానిలోనిది. మన అవ్వలు చెప్పు పులి, మేక, గడ్డిమోపు కథయు అదియే. పడవలో మనిషితోపాటు ఒక్కటియే పట్టును. పులిని మేకను ఒంటరిగ విడువరాదు, మేకను గడ్డిని విడువరాదు. ఏడు మారులు ఏరు దాటినగాని పని తీరదు. దానికి కీలకము దాటించిన మేకను మరల వెనుకకు తెచ్చుట. ముందుకు పోవుటకు ఒక్కొక్కప్పుడు వెనుకకు రావలెనని ఆరేండ్ల బిడ్డకు ఇంతకన్న బాగుగ ఏ నీతిపాఠము చెప్పగలదు?

ఇక లీలావతి సంగతి. భాస్కరాచార్యుడు 1150లో ఆ గ్రంథమును రచించెను. ఎలుగంటి పెద్దన దానిని ప్రకీర్ణగణితమను పేర తెనిగించెను. తుమ్మెదల గుంపులు, తెగిన ముత్యాలసరము, నెమలియు పామును, గాలికి వంగిన తామర, ఇవన్నియు దానిలోని లెక్కలే. లీలావతి భాస్కరుని కూతురనియు, ఘటికాయంత్రమున ముత్యము పడి రంధ్రము మూసికొనుటచే ముహూర్తము తప్పి ఆమెకు పెండ్లి కాలేదనియు, ఆమె దుఃఖము మాన్పుటకే తండ్రి గ్రంథము వ్రాసెననియు కథ కలదు. మన యిండ్లలో ఈ కథ నెరుగనివారరుదు. కాని యీ కథ 1587లో అక్బరు ఆస్థానకవి ఫైజీ చేసిన పారశీకానువాదముతో వ్యాప్తికి వచ్చినది. భాస్కరుని గ్రంథమున అది లేదు. ఆ గ్రంథమున నున్నది వేరొకటి: ఒక బాలికను సంబోధించి, నీకు తెలిసినచో చెప్పుమని లెక్క యడుగుట.

చదువరు లిచ్చట ఒక్కక్షణము నిలువవలెనని మా ప్రార్థన. ఎన్నడో ఒక ఆడుబిడ్డకు పెండ్లి తప్పెనను నిరాధారమైన మాటను మనము తరతరములుగ భద్రపరచితిమి. ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే ఒక గణితాచార్యుడు ఆడుబిడ్డను లెక్క యడిగి, ఆమె చెప్పగలదని నమ్మెనను సత్యమును మరచితిమి. మనము జ్ఞాపకముంచుకొనునవి మనల నెట్టివారినిగ చేయునో దీనివలన తెలియుచున్నది.

ప్రశ్నను మన బడు లెట్లు పోగొట్టుకొన్నవి? 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలలనుగూర్చి కలెక్టర్లచేత విచారణ చేయించెను. 1826లో ఆతడు వ్రాసిన నివేదికనుబట్టి అప్పటి బడులు 12,498, విద్యార్థులు 1,88,650. ఆ విద్యార్థులలో బాలికలు మిక్కిలి తక్కువ. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన జాబు గమనింపదగినది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు మన వీథిబడి పద్ధతిని ఆతడు మెచ్చుకొనెను. అది ఇంగ్లండులో అనుకరింపబడిన సంగతియు చెప్పెను. ఆ చేతనే పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారనియు వ్రాసెను. పొగడ్తయు నిజమే, తెగడ్తయు నిజమే. వీసము, కాలు, అర, ముక్కాలు మొదలైన ఎక్కములు నోటికి వచ్చిన బాలుడు అంగడిలో మోసపోడు. కాని యెక్కము ఏల అట్లయినదని యడుగు వాడుక ఆ బడిలో లేదు. గ్రంథమున ప్రశ్నగ నున్నది బడిలో వల్లెగ మారినది. తరువాత పరీక్షలు వచ్చినవి. వల్లె పోలేదు, పద్యమునకు మారుగ సూత్రము వల్లె యయినది. రాగము పోవుటయే భేదము.

మల్లన పద్యమును పాడి, బాలికను కూర్చుండుమన్న మేము ఆ వీథిబడి పంతులుకన్న ఏమి మెరుగు?

బడి పోగొట్టుకొన్నదానిని ఇల్లు కొంత దాచుకొన్నది. సంక్రాంతినెలలో వాకిట మెలికలముగ్గు పెట్టు గృహిణిని చూడుడు. చుక్కలు పెట్టి, వాని చుట్టును గీత నెక్కడను తెంపక, గీచినచోట మరల గీయక, మొదలిడిన చోటికే తెచ్చి కలుపును. ఎట్టి బొమ్మ నిట్లు గీయవచ్చును, ఎట్టిదానిని గీయరాదు? 1736లో ఆయిలరు అను గణితజ్ఞుడు కోనిగ్స్‌బర్గు పట్టణమున ఏడు వంతెనలను ఒక్కొక్కమారే దాటి సంచరింపవచ్చునా యను చిక్కును విచారించి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పెను. బేసి సంఖ్యలో గీతలు కలియు కూడలులు రెండింటికి మించినచో చేయి యెత్తక గీయుట యసాధ్యము. అట్టి కూడలి యొక్కటియు లేనిచో మొదలిడిన చోటికే చేరవచ్చును. మెలికలముగ్గున గీతలు దాటుకొను ప్రతిచోటను నాలుగు గీతలు కలియును, నాలుగు సరిసంఖ్య. మన తల్లులు పిండితో నేలపై సాధించుచున్నదానినే ఆయిలరు విచారించి నిరూపించెను. ఆ విచారము మన వాకిళ్ళలో ఏల పుట్టలేదు? వారిని ఏలయని యెవ్వరును అడుగలేదు గనుక. వామనగుంటలలో చింతగింజలు పంచుచు, ఏ గుంటనుండి యెత్తినచో చివరిగింజ ఎచ్చట పడునో ముందే చెప్పగల అవ్వను "లెక్కలు రానిది" అనువారము మనము.

వంటింటికిని గణితమునకును వైరము లేదనుటకు మరియొక నిదర్శనము చెప్పుదుము. 1914 డిసెంబరున స్ట్రాండ్ అను ఆంగ్ల మాసపత్రికలో ఒక చిక్కులెక్క వచ్చినది. బెల్జియములోని లూవేన్ పట్టణమున ఒక వీథిలో ఇండ్లకు 1నుండి వరుసగ సంఖ్యలున్నవి. ఒకని యింటికి ఒకవైపున నున్న సంఖ్యల మొత్తమును రెండవవైపున నున్న సంఖ్యల మొత్తమును సమానము. ఇండ్లు 50కి మించి 500లోపల నున్నచో ఆతని యిల్లెన్నవది? కేంబ్రిడ్జిలో చదువుచున్న మహలనోబిసు దానిని సాధించి శ్రీనివాస రామానుజునకు చదివి వినిపించెను. రామానుజుడు అప్పుడు పొయ్యికడ కూర కలియబెట్టుచున్నాడు. గరిటె దించకయే, భిన్నములోపల భిన్నముగ తెగక సాగు నొక రూపమును చెప్పి వ్రాసికొమ్మనెను. దానినుండి ఈ యొక్క వీథికే గాక, ఇట్టి వీథు లన్నింటికిని సమాధానము లొకదాని వెంట నొకటి వచ్చును. ఆ వీథిలో 288 ఇండ్లు, ఆతనిది 204వది. మన పిల్లలకు చిన్నవీథి చాలును: ఎనిమిదిండ్ల వీథిలో ఆరవ యిల్లు. ఒకవైపున 1నుండి 5వరకు కూడిన 15; రెండవవైపున 7, 8 కూడిన 15. పిల్లలను తమ వీథిలో వెదకుకొని రమ్మనుడు. ఈ జాతి సమీకరణములనే మన బ్రహ్మగుప్త భాస్కరులు వర్గప్రకృతి యనిరి. ఆట యనుకొన్నది శాస్త్రపు గర్భగృహమునకే దారి తీయుచున్నది.

ఇక ఆ బాలిక సంగతి. కోతలు ముగిసిన పిదప, అయిదు వారములకు, ఆమె మరల బడికి వచ్చినది. చేతివ్రేళ్ళు ఇంకను మండుచున్నవని ప్రక్కబాలిక చెప్పినది. మేము హాజరు వేయుచుండగా ఆమె లేచి, "మాస్టారండీ, ఎందుకు తగ్గుతుందో తెలిసిందండీ" అన్నది. మేము వ్రాసిన సూత్రము నల్లబల్లపైనుండి చెరిగి అయిదు వారములైనది. చెప్పుమంటిమి.

"పక్కింట్లో ఒక గింజ చేబదులు తెచ్చుకోవాలండీ. మొదటి గడిలో ఒకటి ఉంది. చేబదులుది కలిపితే రెండు. రెండో గడిలో రెండు ఉన్నాయి. ఈ రెండూ కలిపితే నాలుగు. మూడో గడిలో నాలుగు ఉన్నాయి, కలిపితే ఎనిమిది. అట్లా పోతా ఉంటే ఎప్పుడూ పక్క గడిలో ఎన్ని ఉన్నాయో మన దగ్గరా అన్నే ఉంటాయండీ. చివరికి పక్కింటివాళ్ళ గింజ వాళ్ళకి ఇచ్చెయ్యాలి కదండీ. అందుకే ఒకటి తక్కువ."

తరగతి యంతయు నవ్వినది. పిమ్మట చప్పట్లు కొట్టినది. మేము కొంతసేపు మాటాడలేకపోతిమి. 64 గడులకైనను, వేయి గడులకైనను చెల్లు నిరూపణమది. లోపమేమియు లేదు. మా సూత్రము ఫలమును చెప్పినది. ఆమె చేబదులు కారణమును చెప్పినది. మిరపకాయలు కోయుచు గంపలు లెక్కించుచు ఆలోచించితినని తరువాత చెప్పినది. ఇరువది స్థానముల సంఖ్యను నోటికి చెప్పగల మాకు, పక్కయింటినుండి ఒక గింజ తెచ్చుకొనవచ్చునని పదిహేనేండ్లలో ఒక్కనాడును తోచలేదు. కారణము స్పష్టము. మేము ప్రశ్నను ఆమెవలె వెంట తీసికొనిపోలేదు.

నాటినుండి మా బోధనలో మూడు మార్పులు చేసికొంటిమి. వారమునకొక యరగంట మార్కులు లేని లెక్కకు కేటాయించితిమి. అడిగిన ప్రశ్నకు ఆ దినముననే జవాబు చెప్పుట మానితిమి. వారము గడువ నిత్తుము. మాకు కారణము తెలియనప్పుడు "తెలియదు, వెదకుదము" అందుము. ఈ మూడవది మిక్కిలి కష్టమైనది.

పరీక్షలు నెత్తిమీద నుండగా ఈ యాటలేల యని కొందరు తలిదండ్రు లడుగుదురు. వారి భయము న్యాయమైనదే. కాని పరీక్షలో అడుగునది నేర్చినదానిని; బ్రతుకు అడుగునది నేర్వనిదానిని. నేర్వనిదాని యెదుట బెదరక నిలుచు నలవాటు ఏదో యొకచోట పడవలెను గదా. కడప మండలమున జన్మాంధుడుగ పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ (1907–1997) దేశమంతట గణితావధానములు చేసి మెప్పుగాంచెను. ఆయనకు బడి లేదు. అక్క యింట పైకి చదివిన పాఠములను విని నేర్చెనని చెప్పుదురు. ఇంట నొక ఆడుబిడ్డ పెద్దగ చదువుటవలన ఎంతటి ఫలము కలుగునో చూచితిరా!

కావున గృహిణులకును గృహస్థులకును మా మనవి యిది. రాత్రి భోజనముల వేళ ఒక లెక్క యడుగుడు. కొడుకునడిగినట్లే కూతురునడుగుడు. జవాబు వెంటనే చెప్పకుడు. బిడ్డ "ఎందుకు?" అన్నచో, మావలె కూర్చుండుమనకుడు.

ఆ బాలిక ఆ యేడు చదువు మానలేదు. చదువు మాన్పింపదలచిన తండ్రికి ఆమెయే చదరంగపు లెక్క చెప్పినదట. ఆతడు ఎక్కువ వినలేదుగాని, చేబదులు మాటకు నవ్వి, "సరే, ఈ యేడు పొమ్మను" అన్నాడట. మరుసటియేడు మరల అడుగవలసివచ్చును. అడుగుటకు ఆమెకు వచ్చును.